టీకా – సంతానభయము

2021 మే మాసమున, ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో, కొవిడ్ టీకాలు వేయవచ్చిన వైద్య సిబ్బందిని చూచి కొందరు గ్రామస్థులు సరయూ నదిలోనికి దుమికిరి. శవదహనమునకు చోటు దొరకని ఆ దినములలో, వ్యాధికంటె దాని నివారణోపాయమునకే మనుష్యులు అధికముగ భీతిల్లుట మిక్కిలి శోచనీయము. అట్టి భయములన్నిటిలోను అధికముగ హాని చేసినది, పెండ్లికావలసిన పిల్లలను, కొత్తకోడళ్లను ఇల్లు కదలనీయనిది ఒకటి కలదు: కొవిడ్ టీకా వేయించుకొన్నవారికి సంతానము కలుగదనునది.

వైరసు మీది స్పైక్ ప్రోటీనునకును, గర్భమున మాయ ఏర్పడుటకు తోడ్పడు సిన్‌సైటిన్-1 అను ప్రోటీనునకును పోలిక కలదనియు, మొదటిదానిపై పుట్టిన ప్రతిరక్షకములు రెండవదానిని గూడ నశింపజేయుననియు 2020 చివర ఐరోపాలో బయలుదేరిన వాదమే దీనికి శాస్త్రీయ వేషము తొడిగినది. ఆ పోలిక అత్యల్పము. అదియునుగాక, వ్యాధి సోకిన దేహము గూడ ఆ స్పైక్‌పై ప్రతిరక్షకములను పుట్టించును గదా! వాదము నిజమే యైనచో, కొవిడ్ వచ్చి తగ్గిన స్త్రీలు గర్భము ధరింపకుండవలెను. వారు ధరించిరి, బిడ్డలను కనిరి. గర్భధారణకు యత్నించుచున్న 2,000కు పైగా స్త్రీలను పరిశీలించి బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రకటించిన ఫలితములలో, భార్యాభర్తలలో ఎవరు టీకా వేసికొన్నను గర్భధారణావకాశము తగ్గలేదు. పురుషునకు వ్యాధి సోకిన పిమ్మట మాత్రము కొలదికాలము తగ్గినట్లు కనబడినది. సంతానమును కోరువారు భయపడవలసినది దేనికో ఇంకను చెప్పవలెనా?

ఈ వదంతికి ఎరువు వేసినది మన విధానమే. ప్రయోగములలో గర్భిణులను చేర్చుకొనలేదు గనుక, 2021 జనవరిలో వారిని, పాలిచ్చు తల్లులను టీకానుండి మినహాయించిరి. సమాచారము లేదనుటకును హాని కలదనుటకును గల భేదమును పల్లెపల్లెకు పోయి విప్పిచెప్పినవారు లేరు. గర్భిణులకు అనుమతి లభించినది జులై 2వ తేదీన, రెండవ ఉద్ధృతిలో ఎందరో తల్లులు మరణించిన పిదప.

ఇతర వదంతులలో, సూదిలో చిప్ కలదనుట, పొడిచిన చోట నాణెము అంటుకొనుననుట, రెండేండ్లలో అందరును మరణింతురనుట చర్చకు అర్హములు కావు.

తొందరపడి అనుమతించిరను ఆరోపణను మాత్రము, ఇష్టము లేకున్నను, కొంత అంగీకరింపక తప్పదు. హైదరాబాదున భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అనుమతి ప్రకటించునప్పటికి మూడవదశ ఫలితములు వెలువడలేదు, అది 77.8 శాతము సఫలమని తుది విశ్లేషణ తేలినది జులైలో. టీకా మంచిదే యయ్యెను. అయినను, ఆధారము చూపకముందే నమ్ముడని ప్రజలను నిర్బంధించు అధికారము ఎవరికిని లేదు. టీకాకై ఎవరినీ బలవంతపెట్టరాదనియు, దుష్ఫలితముల సమాచారమును బహిరంగపరచవలెననియు 2022 మే 2న సుప్రీంకోర్టు చెప్పినది.

కావున మరల మహమ్మారి వచ్చినచో, ప్రభుత్వము ప్రయోగఫలితములను అనుమతితోపాటే, తేటతెలుగులో ఆశా కార్యకర్తల చేతికి ఈయవలెను. ఇంటి గడపలో అత్తగారు అడుగు ప్రశ్నకు జవాబు చెప్పవలసినది వారే గదా. టీకా పిమ్మట బహిష్టు సగటున ఒక దినములోపుగా ఆలస్యమగుట పరిశోధనలలో నిజముగనే కనబడినది, అది తాత్కాలికము. దానిని భ్రమయని కొట్టివేయరాదు. స్త్రీలు సయితము అట్టి మార్పును దాచక ఏ.ఎన్.ఎం.కు చెప్పి నమోదు చేయింపవలెను.