టీకా కార్డులో కొత్త గడి ఎవరు గీస్తారు?

మా అమ్మాయి టీకాల కార్డు 1992 నాటిది. మనవరాలిది మొన్నమొన్నటిది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే భలే తేడా! పాతదాంట్లో బీసీజీ, డీపీటీ, పోలియో చుక్కలు, తట్టు టీకా. అంతే. కొత్తదాంట్లో పెంటావాలెంట్, రోటావైరస్, న్యుమోకోకల్, పోలియో సూది, తట్టు-రుబెల్లా... గడులే గడులు. "ఇవన్నీ ఎవరు చేర్చారే?" అంటే, "గవర్నమెంటు" అంది మా అమ్మాయి. మనందరం చెప్పే జవాబు అదే. మరి ఫలానా టీకా మంచిదని గవర్నమెంటుకి చెప్పేదెవరు? పసిబిడ్డకు సూది వేయించే ప్రతి తల్లికీ ఈ సంగతి తెలియాలని నాకనిపించింది.

ఎవరీ నిపుణులు?

దేశంలోని పిల్లలందరికీ ఉచితంగా టీకాలిచ్చే కార్యక్రమం 1985లో మొదలైంది. దానికి సలహా చెప్పడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2001లో ఒక జాతీయ సాంకేతిక సలహా బృందాన్ని వేసింది. పొడి అక్షరాల్లో 'ఎన్‌టాగీ' అంటారు. ఆరోగ్యశాఖ కార్యదర్శి అధ్యక్షత వహిస్తారు. పిల్లల డాక్టర్లు, అంటువ్యాధుల తీరును పరిశీలించేవారు, సూక్ష్మజీవుల శాస్త్రజ్ఞులు సభ్యులు. అంతకంటే ముందు ఓ ఉపసంఘం కూర్చుని ఆధారాలన్నీ జల్లెడ పడుతుంది.

మందు దుకాణంలో అమ్మడానికి లైసెన్సు ఇచ్చేది వీళ్లు కాదు, డ్రగ్స్ కంట్రోలర్. వీళ్లు వేసుకునే ప్రశ్నలు వేరు. ఈ జబ్బు మన పిల్లల్లో ఎంతమందికి వస్తోంది? టీకా ఏ మేరకు కాపాడుతుంది? ముప్పేమైనా ఉందా? మారుమూల తండా దాకా చల్లదనం చెడకుండా తీసుకెళ్లగలమా? ఏటా పుట్టే కోట్లాది పిల్లలకు ఇవ్వాలంటే ఖర్చు తట్టుకోగలమా? అచ్చం మనం ఇంట్లో నెల సరుకులు రాసుకునేటప్పుడు వేసే లెక్కలాంటిదే. కాకపోతే ఇక్కడ తూకంలో ఉన్నవి ప్రాణాలు.

చుక్కల మందు వెనుక చర్చ

రోటావైరస్ సంగతే చూడండి. పసిపిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకుని, గంటల్లో కళ్లు లోపలికి పోయి వాడిపోయేలా చేసే వైరస్ ఇది. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఏ జబ్బూ లేని పసికందుల్లో ఒక రకం రోటావైరస్ కనిపించింది. దాన్నే టీకాగా మలచవచ్చని డాక్టర్ ఎం.కె. భాన్ బృందం గుర్తించింది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ దాన్ని రోటావాక్ పేరుతో తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో పరీక్ష జరిగింది. తీవ్రమైన రోటా విరేచనాలను మొదటి ఏడాదిలో 56 శాతం తగ్గించిందని 2014లో ఫలితాలు వెలువడ్డాయి.

"ఓస్, 56 శాతమేనా?" అంటారేమో. సెలైన్ ఎక్కించాల్సినంతగా జబ్బుపడే వందమందిలో 56 మందికి ఆ అవస్థ తప్పితే అది తక్కువా? నిపుణులు తూచేది సరిగ్గా దీన్నే.

భయం కూడా తూకంలో ఉండాలి. అమెరికాలో 1998లో వచ్చిన మరో కంపెనీ రోటా టీకా వల్ల కొందరు పిల్లల్లో ఒక పేగు మరో పేగులోకి చొచ్చుకుపోతోందని తేలింది. సిఫారసు చేసిన అక్కడి సలహాసంఘమే 1999లో దాన్ని వెనక్కి తీసుకుంది. అందుకే మన దగ్గర కూడా టీకా మొదలయ్యాక ఆసుపత్రుల్లో ఈ పేగు సమస్య మీద నిఘా పెట్టారు. ఒకసారి 'సరే' అన్నంత మాత్రాన నిపుణుల పని అయిపోదన్నమాట.

సలహా వేరు, ఉత్తర్వు వేరు. నిపుణుల సిఫారసు మీద రోటా టీకా ఇస్తామని కేంద్రం 2014 జులైలో ప్రకటించింది. పిల్లల నోట్లో చుక్క పడింది మాత్రం 2016 మార్చిలో. అదీ నాలుగు రాష్ట్రాల్లోనే, అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలంగాణతో సహా మిగతా రాష్ట్రాలకు దశలవారీగా 2019 నాటికి విస్తరించారు. డబ్బు కేటాయించాలి, సరఫరా కుదరాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి మరి!

ఖమ్మం చెప్పిన పాఠం

ఇన్ని లెక్కలు వేసినా, ఒక్కటి మరిస్తే అంతా బెడిసికొడుతుంది. అదే ఇంటివాళ్ల అంగీకారం. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. జాతీయ కార్యక్రమంలో అప్పటికి ఆ టీకా లేదు. 'పాత్' అనే అంతర్జాతీయ సంస్థ చేపట్టిన ప్రయోగాత్మక ప్రాజెక్టు అది. కొందరు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. కానీ అనుమతి తీసుకున్న తీరు చూడండి. పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవని పార్లమెంటరీ స్థాయీసంఘం 2013లో ఎత్తిచూపింది. కన్నవాళ్లకు మాటమాత్రం చెప్పకపోతే నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మన దేశంలో ఈ క్యాన్సర్ ఏటా లక్షమందికి పైగా స్త్రీలకు వస్తోంది. ఇదే టీకాను 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఇవ్వాలని ఎన్‌టాగీ 2022 జూన్‌లో సిఫారసు చేసింది. శాస్త్రం ఎంత గట్టిదైనా, తల్లులకు చెప్పాల్సిన పని మాత్రం ఇంకా ఉంటుందని నా అభిప్రాయం. సభ్యులకు కంపెనీలతో లావాదేవీలుంటే బయటపెట్టాలి. సమావేశాల్లో ఏమనుకున్నారో మనకు అర్థమయ్యే భాషలో రావాలి.

మనం అడగాల్సినవి

టీకా వేసే నర్సమ్మ నాలుగు మాటలు చెప్పి తీరాలి. ఏ టీకా, ఏ జబ్బుకి? వేశాక జ్వరం, వాపు లాంటివి వస్తే ఏం చెయ్యాలి? మళ్లీ ఎప్పుడు రావాలి? కార్డు జాగ్రత్తగా ఉంచుకుని మళ్లీ తేవాలన్నది నాలుగోది. రద్దీలో ఆమె మరిచిపోతే మొహమాటపడకుండా అడగండి. టీకా అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. పక్కన కొత్తగా తల్లయిన అమ్మాయి ఉంటే ఆమెక్కూడా ఈ నాలుగు మాటలూ చెప్పండి.