ఆ అయిదు శాతం ఎవరిది?

2024 జనవరిలో జపాన్ రచయిత్రి రియె కుదాన్ నవలకు అకుతగావా సాహిత్య బహుమతి ప్రకటించారు. పుస్తకంలో దాదాపు 5 శాతం వాక్యాలు చాట్‌జీపీటీ ఇచ్చినవి ఇచ్చినట్టే వాడుకున్నానని ఆమె విలేకరులకు చెప్పేసరికి దుమారం రేగింది.

నవల చదివితే ఆ గొడవలో పస తక్కువని తెలుస్తుంది. నేరస్థుల మీద సానుభూతితో టోక్యోలో ఆకాశాన్నంటే జైలు కట్టడం అందులో కథ. ఆర్కిటెక్ట్ పాత్ర మధ్యమధ్యలో ఒక చాట్‌బాట్‌ను ప్రశ్నలడుగుతుంది. యంత్రం మాటలు ఆ జవాబుల్లోనే ఉన్నాయని కుదాన్ తర్వాత వివరించారు. గ్రంథచౌర్యానికి ఊపిరి దాపరికం. ఆమె ఏదీ దాచలేదు.

హక్కుల లెక్క మరొకటి. అమెరికాలో క్రిస్ కష్టనోవా ఒక బొమ్మల కథకు మిడ్‌జర్నీ అనే ఏఐ సాధనంతో బొమ్మలు వేయించారు. 2023 ఫిబ్రవరిలో అక్కడి కాపీరైట్ కార్యాలయం రాతకూ కూర్పుకూ హక్కు ఉంచి, బొమ్మలకు నిరాకరించింది. మన 1957 కాపీరైట్ చట్టమైతే, 1994 సవరణ తర్వాత, కంప్యూటర్ తయారుచేసిన రచనకు దాన్ని తయారుచేయించిన వ్యక్తే కర్త అంటోంది. ఈ యంత్రాలు పుట్టకముందు రాసిన మాట అది. ఒక్క ముక్క అడిగి నవల పుట్టించుకున్నవాడినీ కర్త అనడం అన్యాయమే.

మరి యంత్రానికి మాటలు నేర్పిన రచయితల సంగతి? పైరసీ సైట్ల నుంచి పుస్తకాలు దించుకున్నారన్న కేసులో ఏఐ సంస్థ ఆంత్రోపిక్ 2025లో 150 కోట్ల డాలర్లకు రాజీపడింది. పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. అయితే అంతకుముందే, అదే కేసులో, కొన్న పుస్తకాలతో యంత్రానికి శిక్షణ ఇవ్వడం చట్టసమ్మతమేనని జడ్జి తేల్చారు. ఆ తీర్పు ప్రకారం, అలా వాడే పుస్తకానికి రచయిత అనుమతి అడగనక్కర్లేదు.