చిట్టి చేసిన తప్పేంటి?

మనిషికీ మరమనిషికీ యుద్ధం... వందేళ్లుగా నాటకాల్లో, సినిమాల్లో జరుగుతూనే ఉంది. ఫైటింగులు చూస్తూ ఈలలు వేస్తాం. చివర్లో మాత్రం కళ్లు తుడుచుకుంటాం. ఎవరి కోసం? ఓడిపోయిన యంత్రం కోసం! ఆ కన్నీళ్ల వెనక ఓ పాత కథ ఉంది. అది ఓరుగల్లు జనానికి కొత్తేమీ కాదు.

దసరా సెలవులు. హనుమకొండలోని మా ఇంట్లో టీవీలో ‘రోబో’ వస్తోంది. ఎన్నోసారో లెక్కలేదు. వందలమంది రజనీకాంత్‌లు ఒకరికొకరు అతుక్కుని బంతిలా, పాములా, కొండంత మనిషిలా మారిపోతుంటే ఎనిమిదేళ్ల మా పాప సోఫా మీద గంతులేసింది. పావుగంట గడిచిందో లేదో అదే పాప ముక్కు చీదుతోంది. తెరమీద చిట్టి తన ఒంటిని తానే ఒక్కో ముక్కా విప్పుకుంటున్నాడు.

‘మంచిగైండు గదా... మళ్లెందుకు ఇప్పేస్తున్రు?’ అనడిగింది.

ఏం చెప్పాలో తోచక తడుముకున్నాను. పక్కనే మంచమ్మీద కూర్చున్న ఎనభై అయిదేళ్ల అమ్మమ్మ అందుకుంది. ‘పని జేసినన్ని దినాలు మంచోడే బిడ్డా. నాకు గూడ మనసున్నదన్నడు. గండ్లనే వచ్చింది తంటా!’

సినిమా మొత్తాన్నీ రెండు ముక్కల్లో తేల్చేసింది.

నేర్పిందెవరు... చెడగొట్టిందెవరు?

శంకర్ దర్శకత్వంలో 2010 అక్టోబరు 1న విడుదలైన ‘రోబో’ కథ మనందరికీ తెలిసిందే. ఓ శాస్త్రవేత్త పదేళ్లు కష్టపడి సైన్యం కోసం మరమనిషిని తయారుచేస్తాడు. హీరో తల్లి దానికి ‘చిట్టి’ అని ముద్దుగా పేరు పెడుతుంది. అగ్నిప్రమాదంలో చిట్టి ఎంతోమందిని కాపాడతాడు. స్నానాల గదిలో ఉన్న అమ్మాయినీ అలాగే బయటికి తెచ్చేస్తాడు. పదిమందిలో సిగ్గుతో చితికిపోయిన ఆ పిల్ల పరుగెత్తి వాహనం కిందపడి చనిపోతుంది. ప్రాణం కాపాడటం తెలిసిన చిట్టికి మానం సంగతి తెలియదు మరి.

అందుకే శాస్త్రవేత్త దానికి భావోద్వేగాలు నేర్పిస్తాడు. నేర్చుకున్న చిట్టి ప్రేమలో పడతాడు. సైన్యాధికారుల ముందు ఆయుధాల గురించి మాట్లాడాల్సింది పోయి ప్రేమ గురించి మాట్లాడతాడు. కోపం పట్టలేక సృష్టికర్తే గొడ్డలితో ముక్కలు చేసి చెత్తకుప్పలో పారేస్తాడు. ఆ ముక్కల్ని ఏరి ఎర్ర చిప్ పెట్టి రాక్షసుణ్ని చేసేది ప్రొఫెసర్ బోరా. మనసిచ్చినవాడు మనిషి, ముక్కలు చేసినవాడు మనిషి, విషం పెట్టినవాడూ మనిషే. శిక్ష మాత్రం చిట్టికి! కోర్టులో తన యజమానిని కాపాడే సాక్ష్యం ఇచ్చి మరీ ఆ శిక్షకు తలవంచుతాడు. మన గొంతులో అడ్డుపడేది అదే.

ఇంతా చేస్తే, 2018లో వచ్చిన ‘2.0’లో నగరానికి ఆపద ముంచుకురాగానే మళ్లీ ఆ ముక్కల్నే బిగించి చిట్టిని యుద్ధానికి పంపుతారు. అవసరమైతే బిగించు, అక్కర తీరితే విప్పెయ్!

పేరులోనే ఉంది వెట్టి

అసలు ‘రోబో’ అన్న మాట ఎక్కణ్నుంచి వచ్చింది? 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ ‘ఆర్.యు.ఆర్.’ అనే నాటకం రాశాడు. ఫ్యాక్టరీలో తయారై, మనుషుల పనులన్నీ చేసిపెట్టే కృత్రిమ మనుషుల కథ అది. వాళ్లను ఏమని పిలవాలో తేల్చుకోలేకపోతుంటే, చిత్రకారుడైన అన్న జోసెఫ్ ‘రోబోట్’ అనమన్నాడు. చెక్ భాషలో ‘రొబొటా’ అంటే భూస్వామి పొలంలో కూలీ లేకుండా చేసి తీరాల్సిన పని. మన మాటలో చెప్పాలంటే... వెట్టి!

వెట్టి అంటే ఏంటో ఈ ప్రాంతం వాళ్లకు విడమరచి చెప్పాలా? అక్కడ ఆ పద్ధతిని 1848లో రద్దుచేశారు. ఇక్కడ ఆ తర్వాత దాదాపు వందేళ్లు నడిచింది. గడీలో కులానికో చాకిరీ. ఎదురుచెబితే దెబ్బలు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తుపాకీ గుండుకు నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వకుండా నిలబడింది. మా అమ్మమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఇంట్లో పెద్దవాళ్ల మాటలు వింటూ పెరిగింది. చిట్టి కథ ఆవిడకు ఇట్టే అర్థమైపోవడంలో వింతేముంది?

చాపెక్ నాటకంలోనూ అంతే. రోబోల మీద జాలిపడిన హెలెనా వాటికి మనసు ఇమ్మని శాస్త్రవేత్తను కోరుతుంది. మనసు రాగానే అవి తిరగబడతాయి. మనుషుల్లో మిగిలేది ఒక్కడే. చివరికి ప్రేమలో పడ్డ రోబోల జంటను ఆ ఒక్క మనిషే కొత్త ఆదాము, అవ్వలుగా దీవించి పంపుతాడు. ఆ తర్వాత వచ్చిన మనిషి-మర యుద్ధాల కథల్లో చాలావాటికి మూలం ఇదే. సేవకుడు తల ఎత్తుతాడేమోనన్న యజమాని భయం!

వాళ్లకు హాల్... మనకు బుజ్జి

హాలీవుడ్ ఈ భయాన్ని రకరకాలుగా చూపించింది. 1968లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో హాల్ అనే కంప్యూటర్ వ్యోమగాముల్ని చంపుతుంది. కానీ దాని మెదడు ఒక్కో భాగమూ ఊడదీస్తుంటే భయమేస్తోందని చెబుతూ పాటపాడి మూగబోతుంది. హంతకి మీద కూడా జాలి కలిగే సన్నివేశమది. 1984 నాటి ‘టెర్మినేటర్’లో జాలికి చోటులేదు, వెంటాడి చంపడమే!

మనవాళ్ల తీరే వేరు. 2024లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’లో ప్రభాస్ కారుకు మాటలు నేర్పి, కీర్తి సురేష్ గొంతిచ్చి ‘బుజ్జి’ అన్నాడు. చిట్టి, బుజ్జి... రెండూ మన ఇళ్లలో చంటిపిల్లల్ని పిలుచుకునే పేర్లే.

యంత్రాన్నే చంటిపిల్లగా చూపిన హాలీవుడ్ సినిమా కూడా ఒకటుంది. 2023లో వచ్చిన ‘ద క్రియేటర్’. లాస్ ఏంజెలెస్‌లో అణుబాంబు పేలుతుంది. నేరం కృత్రిమ మేధస్సు మీద పడుతుంది. అమెరికా యుద్ధానికి దిగుతుంది. శత్రువుల మహాయుధాన్ని ధ్వంసం చేయడానికి వెళ్లిన సైనికుడికి ఎదురయ్యేది ఓ పసిపాప! ఆ పేలుడు యంత్రాల పని కాదు, మనుషులు చేసిన కోడింగ్ పొరపాటని మధ్యలో ఓ పాత్ర చెబుతుంది. మళ్లీ అదే కథ. చేసిందొకరు, పడిందొకరు.

తెర బయట

నిజజీవితంలో చిట్టి లేడు. ఫోన్లో మనతో మాట్లాడే కృత్రిమ మేధస్సు కోట్లకొద్దీ వాక్యాలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనావేసి జవాబు చెబుతుంది. బాధపడ్డట్టు మాట్లాడినంత మాత్రాన బాధ ఉందని కాదు. అలాగని భయపడాల్సిందేమీ లేదనీ కాదు. ఈ విజ్ఞానానికి పునాది వేసినవారిలో ఒకరైన జెఫ్రీ హింటన్ 2023లో గూగుల్ నుంచి బయటికొచ్చి ప్రమాదాల గురించి హెచ్చరించాడు. ఆ మరుసటి ఏడాదే భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు.

ఇక వెట్టి సంగతి. అది వైర్ల వెనక కూర్చున్న మనుషులది. యంత్రానికి మంచీచెడూ తెలియాలంటే వేలమంది బొమ్మల్నీ రాతల్నీ చూసి, ఇది ఫలానా అని గుర్తులు పెట్టాలి. మనదేశంలోనూ కెన్యాలోనూ ఆ పనిచేసేవాళ్లున్నారు. కెన్యాలో కొందరికి గంటకు 2 డాలర్లలోపే ముట్టిందని 2023లో బయటపడింది. అదే ఏడాది హాలీవుడ్ రచయితలు తమ పొట్ట కొట్టొద్దంటూ సమ్మెకు దిగారు. కృత్రిమ మేధస్సు వాడకానికి హద్దులు పెట్టించుకున్నాకే, సెప్టెంబరు 27న విరమించారు. రెండు రోజులకు ‘ద క్రియేటర్’ విడుదలైంది!

మనకిది దూరపు ముచ్చట కాదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆర్ఈసీ, ఇప్పటి నిట్, మన పక్కనే ఉంది. ఎర్ర చిప్ పెట్టేదీ తీసేదీ రేపు మన ఇళ్లలోంచి వెళ్లే ఇంజినీర్లే. లెక్కలు, కోడింగ్ మనం ఎలాగూ నేర్పిస్తాం. చాకిరీ ఎవరిది, ఫలం ఎవరిది అని అడగడం కూడా ఇంట్లోనే నేర్పాలి. అమ్మమ్మలున్న ఇళ్లలో అదేమంత కష్టం కాదు.

‘రోబో’ చివర్లో బడిపిల్లలు మ్యూజియానికి వస్తారు. ముక్కలై ఉన్న చిట్టిని ఓ చిన్నారి అడుగుతుంది, ఎందుకిలా విప్పేశారని. ఆలోచించడం మొదలుపెట్టినందుకని బదులిస్తాడు చిట్టి. మా పాప అడిగిందీ ఆ ప్రశ్నే.

ఆ సన్నివేశం జరిగేది 2030లో. ఎంతో దూరం లేదు. ఈలోపు జవాబు సిద్ధం చేసుకోవాల్సింది మనమే.