వయసు చెబితే చాలదు.. ఎత్తు కొలవాల్సిందే
పసిపిల్లలతో వినోద పార్కుకు వెళ్లే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

శంషాబాద్: పల్లె నుంచి బయలుదేరిన కుటుంబం ఆర్టీసీ బస్సెక్కితే ఐదేళ్లలోపు బిడ్డకు టికెట్టు ఉండదు. ఆపై పన్నెండేళ్ల వరకు మగపిల్లలకు అర టికెట్టు. ఆడపిల్లలకు మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి ప్రయాణమే ఉచితం. రైలులోనూ ఐదేళ్లలోపు వారికి టికెట్టు అక్కరలేదు. శంషాబాద్‌లో విమానమెక్కితే రెండేళ్లు నిండని బిడ్డ తల్లి ఒడిలోనే ప్రయాణించవచ్చు. ఎక్కడికి వెళ్లినా కండక్టరు గానీ, కౌంటరులోని ఉద్యోగి గానీ అడిగేది ఒక్కటే.. 'బాబు వయసెంత?' అని.

అదే విమానాశ్రయానికి ఇరవై కిలోమీటర్లలోపు దూరంలో, మహేశ్వరం మండలం రావిర్యాల వద్ద ఉన్న వండర్‌లా వినోద పార్కులో మాత్రం వయసుతో పని లేదు. అక్కడ బిడ్డను కొలబద్ద పక్కన నిలబెడతారు. ఎత్తు 85 సెంటీమీటర్లలోపు ఉంటే ప్రవేశం ఉచితం. 85 నుంచి 140 సెం.మీ. వరకు పిల్లల టికెట్టు. 140 సెం.మీ. దాటితే పదేళ్ల పిల్లవాడైనా పెద్దవారి టికెట్టే. లోపలికి వెళ్లాక కూడా ప్రతి పెద్ద సవారీ ముందు మళ్లీ ఇదే కొలత. ఈ సంగతి తెలియక ఎంతో ఆశతో వచ్చిన పిల్లలు రోలర్ కోస్టర్ వరుస నుంచి ఏడుస్తూ వెనుదిరగడం, తల్లిదండ్రులు సిబ్బందితో వాదనకు దిగడం ఇలాంటి పార్కుల్లో తరచూ కనిపించే దృశ్యమే. ఆ కొలబద్ద టికెట్టు సొమ్ము కోసం మాత్రమే పెట్టింది కాదని, బిడ్డ ప్రాణానికి అది కాపలా అని గ్రహిస్తే ఆ వాదన అవసరమే ఉండదు.

నగరం అంచున సంబరం
కొచ్చిలో 2000లో, బెంగళూరు సమీపంలోని బిడదిలో 2005లో పార్కులు నెలకొల్పిన వండర్‌లా సంస్థ, 2016 ఏప్రిల్‌లో రావిర్యాల వద్ద తన మూడో పార్కును ప్రారంభించింది. సుమారు 50 ఎకరాల్లో విస్తరించిన ఈ పార్కులో నేల మీది సవారీలతో పాటు నీటి ఆటలు, కృత్రిమ అలల కొలను ఉన్నాయి. మెలికలు తిరుగుతూ ముందుకు దూసుకుపోయి, అదే దారిలో వెనక్కి వచ్చే 'రీకాయిల్' రోలర్ కోస్టర్ ఇక్కడి ప్రధాన ఆకర్షణ. ఔటర్ రింగ్ రోడ్డు 13వ నంబరు ఎగ్జిట్ వద్ద పార్కు ఉండడంతో బెంగళూరు, శ్రీశైలం, నాగార్జునసాగర్ రహదారుల వెంట ఉన్న గ్రామాల వారు నగరంలోకి వెళ్లకుండానే చేరుకోగలుగుతున్నారు. వేసవి సెలవుల్లోనూ, పండుగ రోజుల్లోనూ చంటిబిడ్డలతో సహా వచ్చే కుటుంబాలే ఎక్కువ.

కొలబద్ద ఎందుకు?
సవారీలో మనిషిని పట్టి ఉంచేది తొడల మీదికి గానీ, భుజాల మీదికి గానీ దిగే ఇనుప కడ్డీ. బండి ఒక్కసారిగా మలుపు తిరిగినా, తలకిందులైనా, అకస్మాత్తుగా ఆగినా శరీరం అంతకుముందు వెళ్తున్న దిశలోనే వెళ్లబోతుంది. దానిని ఆపవలసింది ఆ కడ్డీయే. అది ఒక నిర్దిష్టమైన శరీర పరిమాణాన్ని దృష్టిలో ఉంచుకొని తయారు చేసిన పరికరం. అంతకంటె చిన్న శరీరం దాని కింది నుంచి జారిపోవచ్చు.

బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది కదా అని పలువురు ప్రశ్నిస్తుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. కడ్డీ తండ్రి తొడలకు తగిలి ఆగిపోతుంది. బిడ్డను పట్టి ఉంచేది తండ్రి చేతులు మాత్రమే. సవారీ ఊపులో బిడ్డ బరువు రెండు మూడు రెట్లు పెరిగినట్లవుతుంది. పది కిలోల బిడ్డ క్షణకాలం ముప్పై కిలోల మూటగా మారితే ఎంతటి బలవంతుడి చేయైనా పట్టు తప్పవచ్చు. ఇద్దరికీ కలిపి ఒకే కడ్డీ ఉన్న చోట పక్కన కూర్చున్న పిల్లల పరిస్థితీ ఇంతే.

పసిపిల్లల శరీర నిర్మాణం మరో కారణం. పుట్టిన బిడ్డ పొడవులో తల నాలుగో వంతు ఉంటుంది. రెండేళ్ల నాటికి ఐదో వంతుకు వస్తుంది. పెద్దవారిలో అది సుమారు ఎనిమిదో వంతే. బరువైన తలను మోసే మెడ కండరాలు ఆ వయసులో ఇంకా గట్టిపడవు. పెద్దలకు సరదాగా అనిపించే కుదుపు పసివారి మెడకు భారమవుతుంది.

కడ్డీకి, శరీరానికి పొంతన కుదరకపోతే ఏమవుతుందో అమెరికాలో 2022 మార్చిలో జరిగిన దుర్ఘటన చెబుతుంది. ఓర్లాండో నగరంలో ఎత్తైన స్తంభం మీది నుంచి కిందికి జారే సవారీలో 14 ఏళ్ల బాలుడు పడి మరణించాడు. అతడు కూర్చున్న సీటుకు భుజాల కడ్డీ ఉండవలసిన దానికంటె ఎక్కువ ఖాళీ వదిలేలా సర్దుబాటు చేశారని దర్యాప్తు నివేదిక తేల్చింది. అక్కడ బాలుడు చిన్నవాడు కాదు, భారీకాయుడు. అయినా సూత్రం ఒక్కటే.. పరికరానికి సరిపడని శరీరాన్ని అందులో కూర్చోబెట్టరాదు.

ఏ వయసుకు ఎంత ఎత్తు?
ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం రెండేళ్ల బిడ్డ మధ్యస్థ ఎత్తు 86-87 సెం.మీ. అంటే చాలామంది పిల్లలు రెండేళ్లు నిండే సరికే ఉచిత ప్రవేశం హద్దు దాటుతారు. మూడేళ్లకు సుమారు 95, నాలుగేళ్లకు 103, ఐదేళ్లకు 110 సెం.మీ. ఉంటారు. 120 సెం.మీ. చేరేది ఏడేళ్ల ప్రాంతంలో. 140 సెం.మీ. దాటేది పదికి, పదకొండుకు నడుమ.

పెద్ద రోలర్ కోస్టర్లకు సాధారణంగా 120 నుంచి 140 సెం.మీ. ఎత్తు ఉండాలన్న నిబంధన పెడుతుంటారు. ఈ లెక్కన మూడు, నాలుగేళ్ల బిడ్డకు టికెట్టు కొన్నా పెద్ద సవారీలు చాలావరకు అందవు. కేవలం వాటి కోసమే అయితే మరికొన్నేళ్లు ఆగడం మేలు. చిన్న ఆటలు, నీటి సరదా చాలనుకుంటే ఆ మేరకు బిడ్డకు ముందే నచ్చజెప్పి తీసుకువెళ్లాలి.

ఎత్తు తెలుసుకోవడానికి పార్కు దాకా వెళ్లనక్కరలేదు. 2018లో మొదలైన పోషణ్ అభియాన్ కింద అంగన్‌వాడీ కేంద్రాలకు ఎత్తు కొలిచే పరికరాలు అందజేశారు. అక్కడ పిల్లల ఎత్తు, బరువు క్రమం తప్పకుండా నమోదు చేస్తారు. లేదా ఇంట్లోనే చెప్పులు విప్పించి, మడమలు, వీపు గోడకు ఆనేలా నిలబెట్టి, తల మీద అట్టను అడ్డంగా ఉంచి గీత గీస్తే చాలు. దర్జీ టేపుతో కొలిస్తే ఎత్తు తేలిపోతుంది.

ఇందులో మరో ముఖ్యమైన అంశం దాగి ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. దేశంలో ఈ సంఖ్య 35.5 శాతం. ఐదేళ్లు నిండిన బిడ్డ వంద సెంటీమీటర్లు కూడా లేకపోతే పార్కు సంగతి తరువాత, ముందు వైద్యుడికి చూపించాలి. ఒకే వయసు పిల్లల్లో ఒకరిని సవారీకి అనుమతించి మరొకరిని ఆపినప్పుడు చిన్నబుచ్చుకోవడం సహజం. అది అవమానం కాదు. ఇంట్లో ఎవరూ గమనించని విషయాన్ని ఒక కొలబద్ద గుర్తు చేసిందనుకోవాలి.

మడమలెత్తి నిలబడమని పిల్లలకు సైగ చేయడం, మందపాటి అట్ట ఉన్న బూట్లు తొడిగి తీసుకురావడం కొందరు తల్లిదండ్రులకు అలవాటు. రెండు సెంటీమీటర్ల కోసం చేసే ఈ మోసం సిబ్బందిని ఏమార్చవచ్చునేమో గానీ, ఇనుప కడ్డీని ఏమార్చలేదు.

పసివారికి తగినవి
మెల్లగా తిరిగే రంగులరాట్నం, చిన్న రైలు, మోకాలి లోతు మించని నీటి కొలనులు రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు అనువైనవి. ఉదయం పార్కు తెరవగానే చేరుకుంటే ఎండ ముదరకముందే, వరుసలు పెరగకముందే వారి ఆటలు పూర్తవుతాయి. మధ్యాహ్నం నిద్రపోయే అలవాటున్న బిడ్డను సాయంత్రం వరకు తిప్పితే ఏడుపు తప్ప మిగిలేది లేదు. తల్లి, తండ్రి వంతులవారీగా బిడ్డ దగ్గర ఉంటే పెద్దపిల్లలకు తోడుగా ఒకరు పెద్ద సవారీలకు వెళ్లవచ్చు. అమ్మమ్మ గానీ, నాయనమ్మ గానీ వెంట ఉంటే మరీ సౌకర్యం.

ఆరు నెలలలోపు బిడ్డకు ఎంత ఎండలోనైనా తల్లిపాలు తప్ప నీళ్లు సైతం పట్టనక్కరలేదు. అంతకు పైబడిన వారికి దాహం అని అడగకపోయినా తరచూ నీరు తాగించాలి. బయటి తినుబండారాలను పెద్ద పార్కులు సాధారణంగా అనుమతించవు కనుక పసివారి ఆహారం, మందుల విషయం, ఆనాటి టికెట్టు ధరలు ముందుగానే ఫోనులో గానీ, వెబ్‌సైట్‌లో గానీ తెలుసుకోవడం మంచిది.

నీటి దగ్గర ఏమరుపాటు తగదు
సినిమాల్లో చూపినట్లు నీట మునిగే పసిబిడ్డ కేకలు వేయదు, చేతులు ఆడించదు. నిశ్శబ్దంగా మునిగిపోతుంది. తల బరువు కారణంగా ముందుకు పడిన బిడ్డ జానెడు లోతు నీటిలోనూ లేవలేకపోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడు లక్షల మంది నీట మునిగి చనిపోగా, వారిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్లలోపు పిల్లలే. గార్డులు ఉన్నారన్న ధీమా పనికిరాదు. బిడ్డ ఎప్పుడూ పెద్దవారి చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. ఆ పని ఎవరిదో ముందే నిర్ణయించుకోవాలి. నలుగురు ఉన్నచోట ఒకరు చూస్తున్నారని మరొకరు అనుకోవడమే చాలా ప్రమాదాలకు మూలం. ఫోనులో ఫొటోలు తీసే పని వేరొకరికి అప్పగించాలి.

శరీర బరువుతో పోలిస్తే పసివారి చర్మ వైశాల్యం ఎక్కువ. అందువల్ల ఎండకు త్వరగా వేడెక్కుతారు, నీటిలో త్వరగా చల్లబడతారు. పెదవులు నీలం రంగుకు తిరిగినా, వణుకు మొదలైనా వెంటనే బయటికి తీసి పొడి బట్టలు మార్చాలి. విరేచనాలతో బాధపడుతున్న బిడ్డను నీటిలోకి దించరాదు. క్రిప్టోస్పోరిడియం వంటి సూక్ష్మజీవులు క్లోరిన్ కలిపిన నీటిలోనూ రోజుల తరబడి బతకగలవు. ఒక బిడ్డ నుంచి కొలనులోని పిల్లలందరికీ అవి సోకే వీలుంది.

దారిలోనూ భద్రమే
పార్కులో కొలబద్ద ఉంది. దారిలో ఆ కాపలా తల్లిదండ్రులదే. ఔటర్ రింగ్ రోడ్డుపై కార్లు గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో సాగుతుంటాయి. ముందు సీటులో బిడ్డను ఒడిలో పెట్టుకుంటే ఎయిర్‌బ్యాగే ప్రాణాంతకం కావచ్చు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకు సీటు బెల్టు గానీ, వారి కోసం తయారైన ప్రత్యేక సీటు గానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా విధించవచ్చు.

రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపైకి ద్విచక్ర వాహనాలను అనుమతించరు. సర్వీసు రోడ్డు మీదుగానే రావాలి. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్లలోపు బిడ్డను బైకుపై తీసుకువెళ్తే హెల్మెట్ పెట్టాలి, నడిపేవారికి బిడ్డను కలిపి కట్టే బెల్టు ఉండాలి, వేగం గంటకు 40 కి.మీ. మించరాదు.

తప్పిపోతే..
జనసమ్మర్దంలో చేయి వదిలిన బిడ్డ క్షణాల్లో కనుమరుగవుతుంది. ఉదయం లోపలికి వెళ్లేటప్పుడే బిడ్డ ఆనాడు వేసుకున్న బట్టలతో ఒక ఫొటో తీసి ఉంచుకోవాలి. తల్లిదండ్రుల ఫోను నంబరు రాసిన చీటీని జేబులో కాక, చేతికి కట్టడం మేలు. తప్పిపోయినట్లు తెలియగానే సొంతంగా వెదుకుతూ కాలం గడపకుండా ఒకరు అక్కడే నిలబడి, మరొకరు సిబ్బందికి తెలపాలి. అవసరమైతే 112 లేదా 1098 నంబరుకు ఫోను చేయవచ్చు.

జాతరలోనూ అదే లెక్క
వినోద పార్కులో కొలబద్ద పట్టుకొని ఒకరు నిలబడతారు. ఊరి జాతరలోనూ, ఎగ్జిబిషన్‌లోనూ తిరిగే జెయింట్ వీల్ దగ్గర చాలాచోట్ల ఎవరూ ఎత్తు అడగరు. డబ్బిస్తే రెండేళ్ల బిడ్డనైనా ఎక్కించుకుంటారు. కడ్డీ కింద మిగిలే ఖాళీ మాత్రం రెండు చోట్లా ఒక్కటే. ఇంటి గుమ్మం పక్కన గోడ మీద గీసుకున్న గీత తల్లిదండ్రులకు గుర్తుంటే, అడిగేవారు లేని చోట కూడా బిడ్డ క్షేమంగా ఇంటికి చేరుతుంది.