పీరియడ్స్ రావట్లేదా? టాబ్లెట్ వేసుకునే ముందు ఇది వినండి

ఈ రోజు పీరియడ్స్ ఆగిపోవడం గురించి మాట్లాడుకుందాం.

ఆ మధ్య నా దగ్గరికి 22 ఏళ్ల అమ్మాయి వచ్చింది. ఎనిమిది నెలలుగా డేట్ రాకపోతే మెడికల్ షాపులో టాబ్లెట్లు కొనుక్కుని ఐదు రోజులు వేసుకుంటోంది. ఆపగానే బ్లీడింగ్ అవుతోంది. "వస్తున్నాయి కదా మేడమ్" అంటుంది. అక్కడే అందరూ పొరపాటు పడేది. అది ప్రొజెస్టరాన్ టాబ్లెట్. ఆపితే గర్భసంచి లోపలి పొర ఊడి బ్లీడింగ్ అవుతుంది, అంతే. మీ పీరియడ్ ఎందుకు ఆగిందో ఆ కారణం అలాగే ఉంటుంది.

ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని రెండు మూడు సార్లు అడిగాక మెల్లగా చెప్పింది, రొమ్ముల నుంచి పాలలా వస్తోందని. పెళ్లి కాలేదు కదా, ఎవరేమనుకుంటారో అని వాళ్లమ్మకి కూడా చెప్పలేదట. టెస్ట్ చేస్తే ప్రొలాక్టిన్, అంటే పాల హార్మోన్, బాగా ఎక్కువగా ఉంది. ఎమ్మారైలో పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ కనిపించింది. భయపడకండి, క్యాన్సర్ కాదు. చాలామందికి ఆపరేషన్ లేకుండా మందులతోనే తగ్గుతుంది. కొన్ని రకాల మందులు వాడినా, థైరాయిడ్ తక్కువైనా ఈ హార్మోన్ పెరుగుతుంది.

ఎక్కువమందిలో మాత్రం కారణం పీసీఓడీనే. అందులో మూడు నెలలు దాటినా బ్లీడింగ్ అవ్వకపోతే లోపలి పొర మందమైపోతుంది, అప్పుడు మేమే ఆ టాబ్లెట్ ఇస్తాం. అంటే టాబ్లెట్ చెడ్డదని కాదు, ఎందుకిస్తున్నామో తెలిసి ఇవ్వాలి. తిండి మానేసి, జిమ్‌లో గంటలు గంటలు చేసి త్వరగా బరువు తగ్గినవాళ్లకీ ఆగిపోతాయి. వీళ్లలో ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు కూడా బలహీనపడతాయి.

15 ఏళ్లు నిండినా అసలు మెచ్యూర్ అవ్వని పిల్లల్ని "మా వంశంలో లేటే" అని వదిలేయకండి. ప్రతి నెలా కడుపునొప్పి వస్తూ బ్లీడింగ్ లేకపోతే, దారి మూసుకుపోయి రక్తం లోపలే నిలిచిపోతూ ఉండొచ్చు. చిన్న ఆపరేషన్‌తో సరిచేయొచ్చు.

డేట్ తప్పితే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. రెగ్యులర్‌గా వచ్చేవాళ్లకి మూడు నెలలు రాకపోతే డాక్టర్ దగ్గరికి రండి. వచ్చేటప్పుడు చివరి డేట్, వాడే మందుల పేర్లు ఫోన్‌లో రాసుకోండి.

ఆ అమ్మాయికి మందులు మొదలుపెట్టిన మూడో నెలలో పీరియడ్ దానంతట అదే వచ్చింది.