కుక్కర్ విజిల్ కాదది, రక్తపింజర!

పోయిన వానకాలం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని హన్మకొండలో మా ఇంట్లోనే ఉన్నా. ఒకరోజు రాత్రి మోటార్ ఆపడానికి వెనక వాకిట్లోకి పోతే, కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఒకటే సౌండ్. వంటింట్లోనేమో స్టవ్ ఆఫ్. ఫోన్ టార్చ్ వేశా. ఇటుకల పక్కన లావుగా, మచ్చలతో చుట్ట చుట్టుకుని ఉంది. కొండచిలువ పిల్ల అనుకుని, వీడియో తీస్తూ రెండడుగులు ముందుకేశా. బాపు వెనక నుంచి చొక్కా పట్టి గుంజాడు. "అది పింజర రా!"

ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఆపి చూస్తే తేడా తెలిసిపోతుంది. రక్తపింజర వీపు మీద మచ్చలు మూడు వరసల్లో గొలుసులా ఉంటాయి, ఒక్కోదాని అంచుకు నల్లటి గీత. కొండచిలువ మచ్చలు అడ్డదిడ్డంగా, అతుకులేసినట్టు ఉంటాయి. 1780ల్లో విశాఖపట్నంలో పనిచేసిన డాక్టర్ ప్యాట్రిక్ రసెల్, 1796లో వచ్చిన తన పుస్తకంలో దీని తెలుగు పేరు 'కాటుక రేకుల పొడ' అని రాశాడు. ఇంగ్లిష్‌లో ఇప్పుడది రసెల్స్ వైపర్. గుర్తుపట్టడానికి మాత్రం మన పేరే నయం!

హాలీవుడ్ సినిమాల్లో తోక గిలక్కాయలా ఆడించే రాటిల్‌స్నేక్ అమెరికా ఖండాలది, ఇక్కడ ఉండదు. 'దగ్గరికి రాకు' అని మనకు చెప్పేది ఈ బుసే. పింజర వెంటపడి కరవదు. ఉన్నచోటే ముడుచుకుని బుసకొడుతుంది. మనం వెనక్కి జరిగితే దాని దారిన అది పోతుంది.

కానీ తొక్కితే బుసకొట్టే టైమ్ ఎక్కడిది? పరకాల దగ్గర మా చిన్నాయన పొద్దుగూకాక పొలానికి నీళ్లు పెట్టి వస్తుంటే, చప్పుడు లేకుండా కాలి మీద వేసింది. కాలికి తాడు బిగించి మంత్రగాడి దగ్గర రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆ తర్వాతే ఎంజీఎంకు. యాంటీవెనమ్ ఒంట్లో తిరిగే విషాన్ని ఆపుతుంది, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీలను బాగుచేయదు. మూడు వారాలు డయాలసిస్ మీద ఉండి బతికాడు. తాడు, బ్లేడు, నోటితో పీల్చడం ఏదీ వద్దు. కాలు కదలనీయకుండా 108కి ఫోన్ చేయడమే.

కట్లపాముతో ఇంకో గొడవ. అది రాత్రిపూట కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. మంచం, దోమతెర ఉంటే చాలావరకు సేఫ్.

మా వాకిట్లో పామును, పాములు పట్టే అన్న వచ్చి సంచిలో వేసుకుపోయాడు. "తమ్మీ, వీడియో దూరం నుంచి తియ్యి" అని నవ్వాడు.

చిన్నాయనకు గమ్‌బూట్లు కొనిచ్చా. బురదలో కూరుకుపోతున్నాయని పగలు గట్టు మీద వదిలేస్తాడు. చీకటి పడితే మాత్రం వేసుకుంటున్నాడు, ముందు బోర్లించి దులిపి.