నక్షత్రం లేని చెట్టు

మా చెల్లెలి గృహప్రవేశానికని కాలేజీకి సెలవు పెట్టి డిసెంబరులో అట్లాంటా వెళ్ళాను. వెళ్ళిన మర్నాడే ఆ కొత్త ఇంట్లో ఒక తగువు చూశాను.

హాల్లో ఒక మూల దేవుడి మందిరం. దానికి ఎదురుమూల పచ్చటి ప్లాస్టిక్కు చెట్టు. దాని నిండా రంగురంగుల దీపాలు. పదకొండేళ్ళ మా మేనకోడలు కుర్చీ ఎక్కి ఆ చెట్టు కొసన వెండిరంగు నక్షత్రం ఒకటి తగిలించబోతోంది.

“చెట్టు పెట్టుకున్నాం, దీపాలు పెట్టుకున్నాం, చాలదుటే? మళ్ళీ నక్షత్రం ఎందుకు?” అంటుంది మా చెల్లెలు.

“చెట్టు పెడితే లేని తప్పు నక్షత్రం పెడితే వచ్చిందా?” అంటుంది కూతురు.

ఇద్దరూ తీర్పు చెప్పమన్నట్టు నాకేసి చూశారు. నేను తెలుగు మేష్టర్ని. సంధుల్లో తప్పొప్పులంటే చెప్పగలను గాని ఇల్లాంటి వాటిలో నాకు ప్రవేశం లేదు. కాఫీ చల్లారిపోతోందన్న వంకతో వంటింట్లోకి జారుకున్నాను. నక్షత్రం డబ్బాలోకి వెళ్ళిపోయింది.

ఆ శనివారం బావగారు అందరికీ నాటకానికి టిక్కెట్లు కొన్నారు. అమెరికాలో నాటకమంటే న్యూయార్కు బ్రాడ్వేయే అనుకునేవాణ్ణి. అది సగమే నిజమట. 1947లో డాలస్‌లో మార్గో జోన్స్ అనే ఆవిడ ఒక నాటకశాల పెట్టింది. 1950లో వాషింగ్టన్‌లో అరీనా స్టేజి వెలిసింది. అక్కణ్ణించి ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం స్వంత నాటకశాలలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. న్యూయార్కులో ఆడి వచ్చినవే కాకుండా, తమ ఊరి కథలు తామే ఆడుకోవడం వీటి ప్రత్యేకత. మేము వెళ్ళింది అల్లాంటి వాటిలో చిన్నదానికి. రెండు వందల కుర్చీలుంటాయేమో. గుమ్మం దగ్గర టిక్కెట్లు చింపినవారు డెబ్బై దాటిన పెద్దమనిషి. విరామంలో తినుబండారాలు అమ్మినవాళ్ళు కూడా ఆ ఊరి ఇల్లాళ్ళే. నాకు మా ఊరి పరిషత్తు నాటకాలు జ్ఞాపకం వచ్చాయి.

నాటకం పేరు ‘ది లాస్ట్ నైట్ ఆఫ్ బాలీహూ’. రాసినవాడు ఆల్ఫ్రెడ్ ఊరీ. 1936లో అట్లాంటాలోనే, యూదుల కుటుంబంలో పుట్టాడు. ‘డ్రైవింగ్ మిస్ డెయిజీ’ నాటకానికి 1988లో పులిట్జర్ బహుమానం అందుకున్నవాడు ఈయనే. 1996లో అట్లాంటాలో ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు, ఆ ఉత్సవాల కోసం ఒక నాటకం రాసిమ్మని అడిగితే దీన్ని రాశాడు. అట్లాంటాలోని అలయన్స్ థియేటరు మొదట ప్రదర్శించింది. మరుసటేడు బ్రాడ్వేకి వెళ్ళి ఉత్తమ నాటకంగా టోనీ బహుమానం తెచ్చుకుంది.

దీపాలు వెలిగాయి. వేదిక మీద ఒక కలిగినవారి ఇంటి హాలు. అందులో ఒక క్రిస్మస్ చెట్టు. ఒక అమ్మాయి దాని కొసన నక్షత్రం పెడుతోంది. తల్లి వచ్చి నక్షత్రం పీకెయ్యమంటుంది. యూదుల ఇంట్లో చెట్టుంటే ఉండవచ్చునట గాని, నక్షత్రం ఉండకూడదట!

మా మేనకోడలు చటుక్కున తల తిప్పి వాళ్ళమ్మ ముఖంలోకి చూసింది. మా చెల్లెలు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేక కుర్చీలో ఊగిపోయింది. నేనూ నవ్వాను. ఆ ఆట రెండు గంటల్లోనే నా నవ్వును ఎక్కడికి తీసుకుపోతుందో అప్పుడు నాకేం తెలుసు?

కథ 1939 డిసెంబరులో, అట్లాంటాలో జరుగుతుంది. ‘గాన్ విత్ ది విండ్’ సినిమా ఆ నెల 15వ తేదీన మొట్టమొదట ఆ ఊళ్ళోనే విడుదలయింది. ఊరంతా ఆ వెర్రిలో ఉంది. ఇంటికి పెద్ద అడాల్ఫ్ ఫ్రైటాగ్. పరుపుల వ్యాపారం, పెళ్ళి చేసుకోలేదు. ఆయన పంచన భర్త పోయిన తోబుట్టువు బూ, ఆమె కూతురు లాలా. ఇంకోవైపు సోదరుడి భార్య రీబా, ఆమె కూతురు సన్నీ. ఒక బ్రహ్మచారి, ఇద్దరు తల్లులు, ఇద్దరు పెళ్ళీడు పిల్లలు. హాస్యానికి ఇంతకన్న సరంజామా కావాలా?

సన్నీ చదువుకున్న పిల్ల. లాలా చదువు మధ్యలో మానేసి వచ్చి, సినిమాలో స్కార్లెట్ తనేనని ఊహించుకుంటూ తిరుగుతుంది. కూతురికి బాలీహూకి తోడు వచ్చే కుర్రాడు ఇంకా కుదరలేదని తల్లి బెంగ. బాలీహూ అంటే యూదుల యువతీయువకులకు ఆ రోజుల్లో అట్లాంటాలో నిజంగానే జరిగిన నృత్యోత్సవం. ఏడాదికొకసారి నాలుగు ఊళ్ళ పిల్లలూ ఒకచోట చేరితే సంబంధాలు కుదురుతాయని తల్లుల ఆశ. ఆఖరి రాత్రి విందు ఒక క్లబ్బులో.

ఆ ఇంటికి జో ఫార్కస్ వస్తాడు. బ్రూక్లిన్ నుంచి వచ్చి అడాల్ఫ్ దగ్గర కొత్తగా పనిలో చేరిన కుర్రాడు. అతనూ యూదుడే. వాళ్ళింట్లో ఆ చెట్టును చూసి తెల్లబోతాడు. సన్నీకి అతను నచ్చుతాడు. బూకి మాత్రం అతను గిట్టడు. ఎంచేతనంటే, అతను “వేరే రకం”.

ఈ వేరే రకం సంగతి కొంచెం చెప్పాలి. జర్మనీ నుంచి వచ్చిన యూదులు పంతొమ్మిదో శతాబ్దం మధ్యలోనే అమెరికాలో స్థిరపడి, వ్యాపారాలు చేసుకుని, పైకి వచ్చారు. 1881 తరవాత రష్యా, పోలండు దేశాల్లో దాడులకు తట్టుకోలేక లక్షలాది మంది యూదులు కట్టుబట్టలతో వచ్చిపడ్డారు. వీళ్ళ భాష వేరు, యాస వేరు, ఆచారం ఎక్కువ. ముందు వచ్చినవాళ్ళకి వీళ్ళని చూస్తే చిన్నతనం. వీళ్ళని చూసి ఊరివాళ్ళు తమనీ అదే గాటను కడతారేమోనని భయం.

ఆ భయం ఒట్టి భయం కాదు. 1913లో అట్లాంటాలో లియో ఫ్రాంక్ అనే యూదుడి మీద పదమూడేళ్ళ పిల్లను చంపాడని నేరం మోపి ఉరిశిక్ష వేశారు. అతను ఒక పెన్సిళ్ళ ఫ్యాక్టరీకి మేనేజరు. సాక్ష్యం చాలదని 1915లో గవర్నరు ఆ శిక్షను యావజ్జీవ ఖైదుగా మార్చాడు. ఆ ఆగస్టులో ఒక గుంపు జైల్లోంచి అతన్ని ఎత్తుకుపోయి మెరియెట్టా అనే ఊళ్ళో చెట్టుకు ఉరితీసింది. ఆ ఫ్యాక్టరీ స్వంతదారు ఊరీ తాతల తరంవాడు, వాళ్ళ బంధువే. మేము నాటకం చూసిన చోటికి మెరియెట్టా అట్టే దూరం లేదు. అల్లాంటి ఊళ్ళో, మేమూ మీలాంటి వాళ్ళమేనని అనిపించుకోవడానికి ఇంట్లో ఒక చెట్టు పెట్టుకున్న తల్లిని చూసి మనం నవ్వుతాం. కాని, ఆవిడ ఎందుకు పెట్టుకుందో తెలిశాక ఆ నవ్వు ఇదివరకటంత తేలిగ్గా రాదు.

నాటకంలో సన్నీ తన చిన్నప్పటి ముచ్చట ఒకటి చెబుతుంది. స్నేహితురాలితో కలిసి ఈతకొలనులో ఆడుకుంటూంటే ఒక మనిషి వచ్చి, యూదులకు ఇక్కడ ప్రవేశం లేదని చెప్పి, అందరి ఎదుటా నీళ్ళలోంచి బైటికి రమ్మన్నాడు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. మరి కాసేపటికి అదే సన్నీ, జోను వెంటబెట్టుకుని బాలీహూకి వెళ్తుంది. ఆ క్లబ్బు జర్మనీ యూదులదనీ, తనలాంటివాళ్ళు అక్కడ అక్కర్లేదనీ జోకి అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది. సన్నీకి ఆ సంగతి ముందే తెలుసు. తెలిసీ చెప్పలేదు. అతను కోపంతో వెళ్ళిపోతాడు.

నాటకమంతా ఈ ఒక్క చోట ఉంది. ఒకరు మూసిన తలుపు బయట నిలబడి ఏడ్చినవాళ్ళే, లోపలికి వచ్చి తమవాళ్ళ మొహాన ఇంకో తలుపు బిగించారు. అప్పటికి ఐరోపాలో యుద్ధం మొదలై మూడు నెలలు దాటింది. ఏ రకం యూదుడని అడగకుండా అరవై లక్షల మందిని చంపబోయే ఏర్పాట్లు అక్కడ పెరుగుతున్నాయి. ఆ సంగతి హాల్లో కూర్చున్న మాకు తెలుసు. వేదిక మీద గౌన్లు సవరించుకుంటున్న వాళ్ళకు తెలియదు. రచయిత ఎక్కడా ఉపన్యాసం దంచడు. నవ్విస్తూనే ఉంటాడు. చివరికి సన్నీ, జో రాజీపడతారు. శుక్రవారం సాయంకాలం ఇంటిల్లిపాదీ బల్లచుట్టూ చేరి, దీపాలు వెలిగించి, తాము మరిచిపోయిన ప్రార్థన చేసుకునే దృశ్యంతో నాటకం ముగుస్తుంది. అది జరిగినట్టుగా ఉండదు. జరిగితే ఎంత బాగుండునని ఎవరో కోరుకున్నట్టుగా ఉంటుంది.

ఆట అయ్యాక నటులు వేదిక అంచున కూర్చుని ప్రేక్షకులతో మాట్లాడారు. వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. వాళ్ళమ్మ జర్మనీ వైపట, నాన్న పోలండు వైపట. తన అమ్మమ్మ ఆ పెళ్ళికి రాలేదని మాత్రం చెప్పి కూర్చున్నాడు. అంతవరకూ నవ్విన వాళ్ళెవరూ మాట్లాడలేదు.

నా పక్కన మా చెల్లెలు కూడా నవ్వడం మానేసింది.

పద్దెనిమిదేళ్ళ కిందటి మాట. మా నాన్నగారు పోయారు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఇంటికి పెద్దవాణ్ణి. మా చెల్లెలు హైదరాబాదులో పని చేస్తూండేది. దాని ఆఫీసులోనే ఒక కుర్రాడు, బుద్ధిమంతుడు, పెద్దల్ని పంపించి మర్యాదగా అడిగించాడు. మేము నియోగులం, వాళ్ళు వైదికులు. కులం ఒకటే, శాఖ వేరు. బామ్మ ఉసూరుమంది. అమ్మ నా ముఖం చూసింది. నేను, “శాఖ కుదరదండీ” అని చెప్పి పంపేశాను. ఆ రోజు పొద్దున క్లాసులో నేను చెప్పిన పాఠం ఏమిటో తెలుసునా? ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో ఆ నాటకం మొదటిసారి ఆడినప్పుడు, మనవాళ్ళు తమ ఇళ్ళలోని సంగతి చూసి తామే ఎల్లా నవ్వుకున్నారో పిల్లలకు ఆవేశంగా చెప్పి వచ్చాను. సాయంత్రం ఇంటికి వచ్చి శాఖ అడిగాను.

తరవాత ఏడాదికి మావాళ్ళలోనే సంబంధం కుదిరింది. బావగారు బంగారంలాంటి మనిషి. దానికి ఏ లోటూ లేదు. అంచేత నేను చేసింది తప్పు కాదనుకుని ఆ సంగతి మరిచిపోయాను.

తిరుగుదారిలో బావగారు కారు నడుపుతున్నారు. మేనకోడలు నిద్రపోయింది. వెనక సీట్లో నేనూ, చెల్లెలూ.

“ఇక్కడ మనవాళ్ళు కొత్తగా కనిపిస్తే ఏమని అడుగుతారో తెలుసా, అన్నయ్యా?” అంది అది. “ముందు మీ ఊరేదంటారు. తరవాత ఇంటిపేరు. అక్కడికి తేలకపోతే పెళ్ళిలో మీ ఆచారం ఏమిటంటారు. ఏడు సముద్రాలు దాటి వచ్చి తూనికరాళ్ళు మాత్రం తెచ్చుకున్నాం.”

నేను మాట్లాడలేదు. కాసేపయ్యాక, “ఆ రోజు...” అని ఎత్తుకున్నాను. అది నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

“నాకేం కొరత లేదన్నయ్యా. ఆ సంబంధం చేసుకుంటే ఇంతకన్న సుఖపడేదాన్నని కూడా నేననుకోను. కాని నన్నొక్కమాట అడగలేదు నువ్వు. పక్కగదిలోనే ఉన్నాను. కాఫీలు నేనే కలిపాను.”

దీపాలు పరుగెడుతూన్న ఆ రోడ్డు మీద నాకు ఆ రోజు గ్లాసుల చప్పుడు వినిపించింది. జవాబు తోచలేదు. “తప్పు చేశానే” అన్నాను. అది నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేసింది.

నాకూ ఇరవై ఏళ్ళ కూతురుంది. చదువు కాగానే సంబంధాలు చూడాలని ఇంట్లో అప్పుడే మాటలు మొదలయ్యాయి. ఏ శాఖ, ఏ గోత్రమని ముందుగా ఒక జాబితా రాసి పెట్టింది నేనే. ఆ రాత్రి మా ఆవిడకు ఫోను చేశాను. ఆ జాబితా చించెయ్యమనీ, అమ్మాయిని ఏమనుకుంటోందో అడగమనీ చెప్పాను. “మీరే అడగండి, మీ నోటంట వింటే సంతోషిస్తుంది” అంది. నిజమే అనిపించింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి మా చెల్లెలు కుర్చీ ఎక్కి ఉంది. చేతిలో వెండిరంగు నక్షత్రం. మేనకోడలు కింద నిలబడి, “ఇంకాస్త కుడివైపు, అమ్మా!” అంటోంది. ఎదురుమూల మందిరంలో దీపం అప్పటికే వెలిగించి ఉంది.

“అల్లా చూస్తావేం, అన్నయ్యా? కుర్చీ పట్టుకో” అంది మా చెల్లెలు.

పట్టుకున్నాను.